సంఘ పెద్ద హఠాత్తుగా వెళ్లిపోతే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన ఆదివారం చర్చిలో కానుకలు లెక్కపెట్టిన సంఘ పెద్ద ఈ ఆదివారానికి లేడు. అలాంటి పరిస్థితిలో ఏం మాట్లాడాలి, ఏ పని ముందు చేయాలి, ఆయన భార్యాబిడ్డల పక్కన ఎలా నిలబడాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. సంఘ కాపరులు, కోశాధికారులు, సమాధుల తోట పనులు చూసేవారు కలిసి రాసిన జవాబులివి. ఉత్తరాలు రాసినవారి పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న (నరసాపురం): వందనాలండీ. మా సంఘ పెద్ద నాకు చిన్ననాటి స్నేహితుడు. గుండెపోటుతో ఒక్క రాత్రిలో వెళ్లిపోయాడు. వచ్చే వారం జ్ఞాపకార్థ కూడిక. స్నేహితుడిగా నన్ను మాట్లాడమన్నారు. కాగితం తీసుకుంటే ‘మంచివాడు, భక్తిపరుడు’ అన్న రెండు మాటల దగ్గరే కలం ఆగిపోతోంది. ఎలా రాయాలి?

జవాబు: ఆ రెండు మాటలూ నిజమే. అయితే అవి ఏ పెద్ద గురించైనా చెప్పగలిగేవి కనుక, వినేవారికి మీ స్నేహితుడు కనబడడు. ఆయన చేసిన పనులు చెప్పండి. బైబిల్లో, యొప్పే పట్టణంలో దొర్కా అనే విశ్వాసురాలు చనిపోయినప్పుడు విధవరాళ్లు ఆమె గుణాలు వర్ణించలేదు. ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ పేతురుకు చూపించారు (అపొస్తలుల కార్యములు 9:39). రోమా పత్రిక (రోమాలోని సంఘానికి పౌలు రాసిన ఉత్తరం) 16వ అధ్యాయం కూడా ఒకసారి చదవండి. పౌలు చాలామంది పేరు పక్కన వాళ్లు చేసినదేమిటో రాశాడు: ఫీబే అనేకులకు సహాయపడింది, ప్రిస్కిల్ల, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారు, రూఫు తల్లి తనకూ తల్లి అయింది. మీరు పట్టుకోవలసిన పద్ధతి ఇదే.

రాయడానికి ముందు ఐదుగురిని అడగండి. ఆయన భార్యను, సండే స్కూల్ టీచర్‌ను, గుడి గంట కొట్టే మనిషిని, యవ్వనస్థుల్లో ఒకరిని, సంఘానికి సంబంధం లేని ఒక ఇరుగుపొరుగు వ్యక్తిని లేదా ఉద్యోగంలో కలిసి పనిచేసినవారిని. ఒక్కొక్కరినీ మూడే అడగండి. ఆయన మీకోసం ఏం చేశారు? ఆయన తరచూ అనే మాట ఏది? ఆయన లేకపోవడం వల్ల ఇప్పుడు ఏ పని ఆగింది? మూడోదానికి వచ్చే జవాబులే చాలాసార్లు అన్నిటికంటే విలువైనవి. ఆసుపత్రిలో ఉన్నవారికి క్యారియర్ తీసుకెళ్లేది ఆయనే అని, వర్షం పడితే గుడి గోనెపట్టాలు లోపల వేసేది ఆయనే అని అప్పుడే బయటపడుతుంది.

‘ఆయన గొప్ప ప్రార్థనాపరుడు’ అని రాసిన చోట, ‘శనివారం సాయంత్రం మంచాన పడ్డవారి పేర్లు చీటీ మీద రాసుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక భోజనానికి వెళ్లకముందే ఆ ఇళ్లన్నీ తిరిగి వచ్చేవారు’ అని రాయండి. ఆయన ప్రార్థనాపరుడని వినేవాళ్లే గ్రహిస్తారు.

నాలుగైదు నిమిషాలు చాలు.  మీకు ఆయన ఎలా తెలుసో రెండు వాక్యాలు, ఆయన చేసిన పనులు మూడు, ఆయన నోటి మాట ఒకటి. ఆ తర్వాత, ఆయనను ఇన్నేళ్లు సంఘానికి ఇచ్చిన భార్యాపిల్లలకు కృతజ్ఞత. చివర ఆయనకు ఇష్టమైన వచనం. ఆయనకు కోపమెక్కువ అయితే ఆ మాటా చెప్పవచ్చు, ఇంటివాళ్లు సరేనంటేనే. మీరిద్దరూ ‘ఒరేయ్’ అని పిలుచుకున్నా కూడికలో ‘ఆయన’, ‘గారు’ అనే అనండి. మీ ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ చెప్పేటప్పుడు మాత్రం ఆ పిలుపు అలాగే ఉంచండి. దాన్ని మర్యాద భాషలోకి మార్చితే స్నేహం ఎగిరిపోతుంది.

ఇక దెబ్బతినే చోట్లు. ఆయన నిర్వహించిన పదవుల జాబితా చదవకండి, అది కరపత్రంలో ఉంటుంది. గుప్తంగా సహాయం పొందినవారి పేర్లు చెప్పకండి. ఎవరి కూతురి ఫీజు ఆయన కట్టారో ఆ కుటుంబం ఆ కూడికలోనే కూర్చుని ఉంటుంది. చివరి గంట వివరాలు, ఎక్కడ పడిపోయారు, అంబులెన్స్ ఎంత ఆలస్యమైంది, ఇవి వద్దు. ‘దేవునికి ఆయన అవసరం వచ్చింది, అందుకే తీసుకున్నాడు’ అనే మాట అసలే వద్దు. చిన్నపిల్లలు దాన్ని తమ నాన్నను దేవుడు లాక్కున్నాడని వింటారు. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గరకు వెళ్తూ కన్నీళ్లు పెట్టాడు. మీరు కారణం చెప్పనవసరం లేదు. ప్రసంగమూ చేయకండి, ఆ పని అయ్యగారిది, అంటే సంఘ కాపరిది.

పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒకవైపే రాయండి, పేజీ నంబర్లు వేయండి. ఇంట్లో గడియారం పెట్టుకుని రెండుసార్లు పైకి చదవండి. ఒక నకలు ముందు వరుసలో కూర్చునే ఇంకొకరికి ఇవ్వండి. గొంతు పూడుకుపోతే ఆగి, నీళ్లు తాగి, అదే వాక్యం నుంచి మొదలుపెట్టండి. అప్పటికీ మాట రాకపోతే ఆ రెండో మనిషి వచ్చి చదువుతాడు.

ప్రశ్న (ఖమ్మం): మా సంఘంలో జ్ఞాపకార్థ కూడిక అంటే నాలుగు గంటలు. మైకు అందిన ప్రతివారూ మాట్లాడతారు. దీన్ని మర్యాదగా ఎలా కుదించాలి?

జవాబు: గంటన్నరకు మించనివ్వకండి. ఆ ఇంటి ఆడవాళ్లు అప్పటికే వారం రోజులుగా నిద్రలేక ఉంటారు. క్రమం ఇలా పెట్టుకోవచ్చు. ప్రారంభ ప్రార్థన, కీర్తన కలిపి పది నిమిషాలు. వాక్య పఠనం ఐదు నిమిషాలు (90వ కీర్తన, యోహాను 14:1-3, 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో ఒక భాగం, 1 థెస్సలొనీకయులకు 4:13-18, వీటిలో రెండు). జీవిత విశేషాలు ఒకరు ఐదు నిమిషాలు. సాక్ష్యాలు ముగ్గురు, మనిషికి నాలుగు నిమిషాలు: సంఘం తరఫున ఒకరు, స్నేహితుల్లో ఒకరు, కుటుంబంలో ఒకరు. మధ్యలో ఆయనకిష్టమైన పాట. వాక్యోపదేశం ఇరవై నిమిషాలు. కుటుంబం తరఫున కృతజ్ఞతలు, ముగింపు ప్రార్థన, ఆశీర్వాదం. ఇవన్నీ కలిపితే గంటా పావు. మిగతా పావుగంట ఆలస్యాలకే పోతుంది.

మైకు చేతులు మారకూడదు. వేదిక మీద ఒకే మైకు స్టాండుకు బిగించి ఉంచి, పేరు పిలిచినవారే రావాలి. ‘ఇంకెవరైనా మాట్లాడతారా’ అనే మాట నడిపించేవారి నోట రానే కూడదు, నాలుగు గంటలు అక్కడే మొదలవుతాయి. మిగిలినవారు రాయడానికి తలుపు దగ్గర ఒక నోటు పుస్తకం, రెండు కలాలు పెట్టండి. ఆ పుస్తకాన్ని కుటుంబానికి ఇవ్వండి, ఉపన్యాసాలు మరచిపోయాక కూడా ఇంట్లో అది ఉంటుంది. ఎమ్మెల్యే గారో సర్పంచ్ గారో వస్తే కుటుంబం పక్కన కూర్చోబెట్టి, మొదటి సాక్ష్యానికి ముందు రెండు నిమిషాలు ఇవ్వండి. ఆలస్యంగా వస్తే వాక్యోపదేశం మధ్యలో ఆపకండి.

ప్రశ్న (పార్వతీపురం): మూడో రోజు, నలభయ్యో రోజు కూడికలు క్రైస్తవులు పెట్టవచ్చా?

జవాబు: ఫలానా రోజే పెట్టాలన్న ఆజ్ఞ బైబిల్లో లేదు. మూడో రోజు ఆదరణ కూడిక పెట్టడం దూరం నుంచి వచ్చిన బంధువులు ఇంకా ఇంట్లో ఉంటారు గనుక సౌకర్యం. కతోలిక సంఘంలో మృతుల కోసం పూజ, ప్రార్థన ఉంటాయి. సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం), లూథరన్, బాప్తిస్టు సంఘాలలో సాధారణంగా మృతుని కోసం కాక కుటుంబ ఆదరణ కోసం ప్రార్థిస్తారు. ఫ్లెక్సీ మీద మాటలు రాయించేముందు మీ అయ్యగారికి చూపించండి.

ప్రశ్న (గుంటూరు జిల్లా): మా పెద్దయ్య ఇంట్లోనే నిద్రలో చనిపోయారు. అదే రోజు సాయంత్రం భూస్థాపన చేసేశాం. ఇప్పుడు కాగితాలు అడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆ గడువులో రుసుము లేదు. 21 దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము. ఆ తర్వాత ఏడాది వరకు జిల్లా స్థాయి అధికారి అనుమతి, ఏడాది దాటితే ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాలి. ఇంట్లో పోయినవారి సంగతి ఇంటి పెద్ద వెళ్లి చెప్పాలి, ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి వాళ్లే తెలియజేయాలి. చాలామంది పొరబడేది ఇంకొకటి ఉంది: నమోదు జరిగేది మరణించిన చోట, నివాసమున్న ఊళ్లో కాదు. పల్లెలో ఉండే మనిషి గుంటూరు ఆసుపత్రిలో పోతే సర్టిఫికెట్ గుంటూరు నగరపాలక సంస్థ దగ్గరే.

పేరు విషయంలో జాగ్రత్త. మనవాళ్లలో చాలామందికి బాప్తిస్మపు పేరు ఒకటి, ఆధార్‌లో పేరు ఇంకొకటి. సర్టిఫికెట్‌లో ఆధార్, బ్యాంకు పుస్తకాల్లో ఉన్న పేరే రాయించండి. సంఘంలో పిలిచిన పేరు రాయిస్తే పింఛను, బీమా, పొలం పాసుపుస్తకం అన్నీ ఆగిపోతాయి. ఏ కరపత్రంలో ఏ పేరు వేయాలో కూడా కుటుంబాన్నే అడగండి, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి.

ఇకమీదట ఎవరికైనా ఇలా జరిగితే, భూస్థాపనకు ముందే ఒక డాక్టరును పిలిపించి మరణాన్ని నిర్ధారించి రాయించుకోండి. రోడ్డు ప్రమాదం, కరెంటు షాకు, పాముకాటు, మేడ మీదనుంచి పడటం అయితే పోలీసులకు చెప్పకుండా పాతిపెట్టవద్దు. పోస్టుమార్టం వద్దని ప్రాధేయపడటం సహజమే, కానీ ఆ కాగితం లేకపోతే ప్రమాద బీమా రాదు. ఆయన బ్యాంకు పాసుపుస్తకంలో మే, జూన్ నెలల పేజీలు చూడండి. 20 రూపాయలు కోసి ఉంటే అది సురక్షా బీమా: 70 ఏళ్ల వరకు, ప్రమాద మరణానికి 2 లక్షలు. 436 రూపాయలు కోసి ఉంటే జీవన జ్యోతి: 55 ఏళ్ల వరకు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. ఉన్నాయన్న సంగతే ఇంట్లోవాళ్లకు తెలియక వదిలేసుకుంటున్నారు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): చనిపోయిన పెద్దే మా కోశాధికారి కూడా. చెక్కు పుస్తకం, తాళాలు, స్థలం కాగితాలు అన్నీ ఆయన ఇంట్లోనే. అడిగితే ఆ అమ్మగారు అనుమానిస్తున్నామనుకుంటారేమో. ఎలా అడగాలి?

జవాబు: ఆలస్యం చేసినకొద్దీ అనుమానం పెరుగుతుంది. ఆయన మంచిపేరు కాపాడటానికి కూడా ఈ పని త్వరగా, రాతపూర్వకంగా జరగాలి. భూస్థాపన రోజున గానీ కూడిక రోజున గానీ ఎత్తకండి. మూడో రోజు దాటాక, వారం లోపల, అయ్యగారూ ఇద్దరు కమిటీ సభ్యులూ ముందుగా చెప్పి వెళ్లండి. వారిలో ఒకరు స్త్రీ అయితే మంచిది. ‘అన్నయ్యగారి లెక్క ఆయన పేరుమీదే శుభ్రంగా ముగించాలని వచ్చామమ్మా’ అని చెప్పండి, నిజం అదే. కుటుంబంలో చదువుకున్న ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

రెండు ప్రతుల్లో జాబితా రాయండి. గుడి, బీరువా, కానుకల పెట్టె, మోటారు గది తాళాలు. బాప్తిస్మ, వివాహ, సభ్యత్వ రిజిస్టర్లు, తీర్మానాల పుస్తకం. రసీదు పుస్తకాలు, ప్రతిదానిలో చివరిగా చింపిన రసీదు నంబరుతో సహా. చెక్కు పుస్తకం, వాడని చెక్కుల నంబర్లు, డిపాజిట్ రసీదులు. చేతిలో ఉన్న నగదు, నోట్ల వివరంతో. ప్రభు సంస్కారపు (రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే) పాత్రలు, మైకు సెట్టు. చివర అందరి సంతకాలు, ఒక ప్రతి అమ్మగారికి. ఆయన ముందే సంతకం పెట్టి ఉంచిన ఖాళీ చెక్కులుంటే వాడకండి, అడ్డంగా గీత గీసి జాబితాకు జతచేయండి. తర్వాత కమిటీ కూర్చుని కొత్తగా సంతకం చేసేవారి పేరుతో తీర్మానం రాసి, ఆ నకలు, మరణ ధ్రువపత్రం, కొత్తవారి ఆధార్, పాన్, ఫొటోలతో బ్యాంకుకు వెళ్లాలి. కొత్త సంతకం ఎక్కేదాకా అయ్యగారి జీతానికి డబ్బు కావాలి గనుక వచ్చే కానుకల్లోంచి రసీదు మీద ఇచ్చి రాసుకోండి.

ఈ రోజుల్లో ఎవరికీ తట్టనిది కానుకల క్యూఆర్ స్టిక్కర్. చిన్న సంఘాల్లో అది తరచు కోశాధికారి సొంత ఫోను నంబరుకే కలిపి ఉంటుంది. గుడి గోడ మీదనుంచి మొదటి ఆదివారమే తీసేయండి. ఆయన పోయాక అందులో పడిన ప్రతి రూపాయీ ఆయన సొంత ఖాతాలోకి వెళ్తుంది, ఖాతా ఆగిపోయాక వారసుల కాగితాలు పూర్తయ్యేదాకా బయటకు రాదు. సంఘపు యూట్యూబ్ చానల్, కరెంటు బిల్లు ఆ నంబరుకే ఉంటే అవన్నీ మార్చుకునేదాకా సిమ్ రీచార్జి ఆపవద్దని పిల్లలకు చెప్పండి.

స్థలం ఆయన సొంత పేరు మీద ఉంటే నోటి మాట చెల్లదు. వారసులందరూ కలిసి సంఘం పేరు మీద రిజిస్టర్డ్ దస్తావేజు రాయాలి, ఇద్దరు సాక్షులతో. అందుకు ముందు సంఘం సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై ఉండాలి. వారసుల్లో మైనరు ఉంటే కోర్టు అనుమతి అవసరమవుతుంది. వకీలును కలిసి ఆ ఏడాదిలోనే ముగించండి. తర్వాతి తరం వరకు వాయిదా వేస్తే సంతకాలు నాలుగు నుంచి పద్నాలుగు అవుతాయి, వాటిలో కొన్ని అమెరికాలో ఉంటాయి.

ప్రశ్న (డాలస్): ఆయన నాకు అన్నలాంటివారు. రాలేకపోయాను. వీడియో కాల్‌లో మాట్లాడవచ్చా?

జవాబు: రెండు నిమిషాల వీడియో రికార్డు చేసి ముందురోజే పంపండి. ఫోను అడ్డంగా పట్టుకుని, ముఖం మీద వెలుతురు పడేలా, ఫ్యాను ఆపి తీయండి. పల్లెల్లో నెట్ తెగిపోతుంది, సగం మాటలో మీ ముఖం ఆగిపోయి నిలబడితే కుటుంబానికి బాధ. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు. కూడిక అయిపోయాక ఒక తీరిక సాయంత్రం అమ్మగారితో మాట్లాడండి, ఆవిడకు మీరు అవసరమయ్యేది అప్పుడే.

ప్రశ్న (ఒంగోలు): సంఘం తరఫున సమాధి కట్టి నల్లరాతి పలక పెట్టాలనుకుంటున్నాం. నెలలోపు పూర్తి చేయవచ్చా?

జవాబు: తొందరపడకండి. ఐదారు అడుగుల లోతు తవ్వి పూడ్చిన మట్టి ఒక వానాకాలం గడిచేదాకా కుంగుతూనే ఉంటుంది. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది. నెలలో కట్టిన గట్టు మరుసటి ఏడాదికి ఒకపక్కకు ఒరుగుతుంది, పెచ్చులు పగులుతాయి. అప్పటిదాకా మట్టి దిబ్బ, పేరు రాసిన చెక్క సిలువ చాలు. ప్రహరీ గోడ నుంచి, పక్క సమాధి నుంచి ఎన్ని అడుగులో కొలిచి రాసిపెట్టుకోండి. వానలకు గడ్డి పెరిగితే చోటు ఆనవాలు దొరకదు.

కట్టేటప్పుడు బరువు గుంట మీద పడకూడదు. కింద వేసే కాంక్రీటు పలక గుంట అంచులు దాటి రెండువైపులా ముప్పావు అడుగు చొప్పున తవ్వని గట్టినేల మీద ఆనాలి. నిలబెట్టే రాయి కనీసం రెండంగుళాల మందం ఉండాలి, నేలకు వాడే పలక రాయి నిలబెడితే విరుగుతుంది. అక్షరాలు చెక్కించండి. పైన అతికించినవీ, ఉత్త రంగుతో రాసినవీ ఎండకు పోతాయి. చెక్కినవాటికి రంగు పోయినా మళ్లీ నింపవచ్చు.

చెక్కేముందు నమూనా కాగితం మీద చూడండి. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగును డీటీపీ వాళ్లు తమ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, గుడులు మారిపోతాయి. కుటుంబంలో ఒకరు, బయటివారు ఒకరు అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాక రాయి మీదికి వెళ్లాలి. పుట్టిన తేదీ, నిద్రించిన (మరణించిన) తేదీ, ఒక వచనం, ‘సంఘ పెద్ద’ అన్న మాట, అంతకుమించి వద్దు. కొంచెం రాస్తే పెద్ద అక్షరాలు పడతాయి, పెద్దవాళ్లు కూడా నిలబడి చదవగలుగుతారు. నవంబరు 2న సమాధుల పండుగనాటికి పూర్తి కావాలనుకుంటే వానలు తగ్గేదాకా చూడలేరు గనుక, ఆ పై ఏడాది పండుగకు పెట్టుకోవడమే మేలు.

ప్రశ్న (కరీంనగర్): అందరూ వెళ్లిపోయారు. ఆయన భార్య ఒంటరిగా ఉన్నారు. మేం స్త్రీల సమాజం వాళ్లం. ఏం చేస్తే ఆవిడకు నిజంగా ఉపయోగం?

జవాబు: ‘ఏదైనా కావాలంటే చెప్పండమ్మా’ అనడం ఆపండి. ఆవిడ చెప్పరు. రోజులు పంచుకోండి: మంగళవారం ఒకరు, శుక్రవారం ఒకరు, మూడు నెలలపాటు. వెళ్లినవారు గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, బీపీ మాత్రలు ఈ మూడూ అడిగి చేసి రావాలి. ఇవి ఆయన చూసేవారేమో కనుక్కోండి. మొదటి నెలలో మందులు మరిచిపోయి పడిపోయినవారు చాలామంది.

మొదటి ఆదివారం ఆవిడను ఇంటినుంచి ఒకరు తీసుకురావాలి, పక్కన ఒకరు కూర్చోవాలి. ఆయన ప్రతి వారం కూర్చున్న చోటు ఖాళీగా ఉంచాలా, ఎవరైనా కూర్చోవాలా అన్నది ఆవిడ ఇష్టం, అడగండి. ఆయన పేరు ఎత్తడానికి భయపడకండి. మాట్లాడితే ఏడుస్తారని అందరూ తప్పుకుంటే ఆవిడకు ఆయన గురించి మాట్లాడే చోటే లేకుండా పోతుంది.

సంఘంలో ఆయన పదవి ఖాళీ అయిందని వెంటనే ఆవిడకో, కొడుక్కో కట్టబెట్టవద్దు. వద్దనడానికి మొహమాటపడి ఒప్పుకుని కుంగిపోతారు. ఆరు నెలలు పనిని ముగ్గురికి పంచి నడపండి.

క్రిస్మస్ ముందు క్యారల్స్ జట్టు ఆ ఇంటికి వెళ్లాలా అని యవ్వనస్థులు సందేహిస్తారు. వెళ్లాలి. రెండు రోజుల ముందు ఫోను చేసి చెప్పండి, రాత్రి పదకొండింటికి కాకుండా ఎనిమిదింటికే ఆ వీధి మొదలుపెట్టండి, వాద్యాలు తగ్గించి రెండు పాటలు పాడండి, టీ మీరే ఫ్లాస్కులో పట్టుకెళ్లండి. ఏటా ఆయన ఇచ్చే చందా కోసం ఆ రోజు పుస్తకం తెరవకండి.